శనగలో దిగుబడి తేడాలను కొలవడం: ఐదు సీజన్ల ప్రాజెక్టు డైరీ

24 శనగ రకాల మధ్య కనిపించే దిగుబడి తేడాల్లో జన్యువుల వాటా ఎంత, నేల వాటా ఎంత, మా చేతుల పొరపాటు వాటా ఎంత అని తేల్చడానికి సాగిన పని వివరం ఇది. మొదటి సీజన్ అంకెల్లో చాలా భాగాన్ని పారేయవలసి వచ్చింది. అయినా వాటిని ఇక్కడ పూర్తిగా ఇస్తున్నాను, ఎందుకంటే ఆ అంకెలు చూడడానికి ఎంతో బాగున్నాయి, సూత్రాల్లో వేస్తే ఇంకా బాగున్నాయి, తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి మాకు ఒక ఏడాది పట్టింది.

దశ 1: మొదటి సీజన్, 48 మడులు

తీసుకున్నది 24 ఎంట్రీలు, అంటే పరీక్షలో నంబరు ఇచ్చిన రకాలు. వాటిలో 16 దేశీ రకాలు, 8 కాబూలీ రకాలు. రెండు రెప్లికేషన్లు (ప్రతి రకాన్ని రెండు మడుల్లో వేయడం), మడికి 3 మీటర్ల సాళ్ళు రెండు, సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు. అంటే మడికి 60 కుదుళ్ళు, మొత్తం 2,880 కుదుళ్ళు. కుదురుకు ఒకే గింజ వేశాం. విత్తనం తక్కువగా ఉందన్నది అప్పటి మా సాకు. మొలక శాతం ముందుగా చూడలేదు.

కోతకు వచ్చేసరికి మడికి సగటున 41 మొక్కలే మిగిలాయి. కొన్ని మడుల్లో 55 ఉంటే, కొన్నింటిలో 27 ఉన్నాయి. కోత రోజున ప్రతి మడి నుంచి అయిదు మొక్కలను పీకి, కాయలు లెక్కించి, గింజలు తూచి, మొక్కకు దిగుబడి అన్న అంకె తీశాం. ఆ అయిదు మొక్కలను కళ్ళతో చూసి ఎంచుకున్నాం. "మంచి ప్రాతినిధ్య మొక్కలు" అని నోటు పుస్తకంలో రాసుకున్న మాట ఇప్పటికీ ఉంది. మడిలోకి దిగిన మనిషి చేయి నిండుగా కాసిన మొక్క మీదికే పోతుందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

వచ్చిన ఫలితం ఇది. మొక్కకు సగటు దిగుబడి 9.8 గ్రాములు. విస్తృతి విశ్లేషణలో (మొత్తం తేడాను కారణాల వారీగా విడదీసే లెక్కలో) రకాల సగటు వర్గం, అంటే రకాల మధ్య తేడా, 14.5, దోషపు సగటు వర్గం, అంటే రకంతో సంబంధం లేని తేడా, 6.1. రెండింటి తేడాను రెప్లికేషన్ల సంఖ్య అయిన 2తో భాగిస్తే జన్యు విస్తృతి (జన్యువుల వల్ల వచ్చిన తేడా) 4.2 వచ్చింది, దానికి దోషాన్ని కలిపితే దృశ్యరూప విస్తృతి (కంటికి కనిపించే మొత్తం తేడా) 10.3. ఆ విస్తృతుల వర్గమూలాలను సగటులో శాతంగా చూపితే జన్యురూప వైవిధ్య గుణకం 20.9 శాతం, దృశ్యరూప వైవిధ్య గుణకం 32.7 శాతం. అనువంశికత (కనిపించే తేడాలో జన్యువుల వాటా) 40.8 శాతం. మేలైన 5 శాతం మొక్కలను ఎంచుకుంటే తరువాతి తరంలో వచ్చే పెరుగుదల, అంటే జన్యు పురోగతి, సగటులో 27.5 శాతం. చాలామంది వాడే వర్గీకరణలో 20 దాటిన పురోగతి "అధికం" కిందికి వస్తుంది. ఎంట్రీ 17 మొక్కకు 13.9 గ్రాములతో అందరికంటే ముందు నిలిచింది.

తప్పు బయటపడిన తీరు చెబుతాను. మిగిలిన మొక్కలను కూడా మడి మొత్తంగా కోసి నూర్చి ఉంచడం ఒక్కటే ఆ ఏడాది మేం చేసిన తెలివైన పని. ఆ అయిదు మొక్కలను కూడా కలుపుకుంటే మడి సగటు బరువు 262 గ్రాములు. దాన్ని 41 మొక్కలకు పంచితే మొక్కకు 6.4 గ్రాములు వస్తుంది. మేం ఎంచుకున్న అయిదు మొక్కల సగటు 9.8. అంటే మా "ప్రాతినిధ్య మొక్కలు" అసలు మడి కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువ కాశాయి. 9.8 గ్రాములను చదరపు మీటరుకు 33 మొక్కల లెక్కన హెక్టారుకు పెంచితే 3,200 కిలోలు దాటుతుంది. అదే నేల, అదే పంట, తూచి చూసిన మడి బరువు ప్రకారం మాత్రం హెక్టారుకు సుమారు 1,450 కిలోలు.

అంతకంటే పెద్ద దెబ్బ తరువాత తగిలింది. 48 మడుల్లో మిగిలిన మొక్కల సంఖ్యకు, మొక్కకు దిగుబడికి మధ్య సహసంబంధం (రెండూ కలిసి ఎలా మారతాయో మైనస్ 1 నుంచి 1 వరకు చెప్పే అంకె) చూస్తే మైనస్ 0.61 వచ్చింది, అంటే మొక్కలు తగ్గిన చోట మొక్కకు దిగుబడి పెరిగింది. శనగ మొక్క పక్కన ఖాళీ దొరికితే కొమ్మలు వేసి ఆ ఖాళీని నింపుకుంటుంది. పక్క మొక్క చనిపోయిన చోట మిగిలిన మొక్క రెట్టింపు కాయలు కాస్తుంది. ఎంట్రీ 17 మడులు రెండింటిలో మిగిలినవి 27, 31 మొక్కలు. ఎంట్రీ 4 మడుల్లో 54, 52 మొక్కలు. ఎంట్రీ 4 మొక్కకు 8.1 గ్రాములతో 19వ స్థానంలో ఉంది. మేం జన్యు వైవిధ్యం అని పేరు పెట్టి లెక్కించినదానిలో ఎంతో భాగం పాత విత్తనపు మొలక శాతంలోని వైవిధ్యమే.

మొక్కల సంఖ్యను సహచలరాశిగా (దిగుబడితో పాటు మారే అంకెగా) పెట్టి సర్దుబాటు చేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చేశాం, కాని దాన్ని నమ్మలేదు. మొక్కలు పోవడానికి కారణం పక్షులో, వాన నీటి నిల్వో అయితే ఆ సర్దుబాటు న్యాయమైనది. ఆ రకానికే ఎండు తెగులును తట్టుకునే శక్తి లేక మొక్కలు పోయి ఉంటే, సర్దుబాటు దాని లోపాన్ని క్షమించి, లేని గొప్పతనాన్ని అంటగడుతుంది. మా మడుల్లో రెండు కారణాలూ ఉన్నాయి, ఏది ఎక్కడో రాసి పెట్టుకోలేదు.

అదే సీజన్‌లో జరిగిన మిగతా తప్పులు:

1. బ్లాకులను (అన్ని రకాలూ ఒక్కోసారి వచ్చే మడుల గుంపులను) వాలు వెంట గీశాం. తరువాత 12 చోట్ల మట్టి తీసి 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి చూస్తే ఎగువన తేమ 19 శాతం, దిగువన 26 శాతం ఉంది. అంటే ఒకే బ్లాకులో పొడి మడి, తడి మడి రెండూ పడ్డాయి.
2. గింజలను వేర్వేరు రోజుల్లో తూచాం. కొన్నింటిలో తేమ 14 శాతం, కొన్నింటిలో 9 శాతం.
3. వంద గింజల బరువుకు సంచి పైభాగం నుంచి గింజలు తీశాం. సంచిని కదిపినప్పుడు పెద్ద గింజలు పైకి తేలతాయి, చిన్నవి అడుగుకు దిగుతాయి.
4. తాలు కాయలను, శనగపచ్చ పురుగు తొలిచిన కాయలను కూడా కాయల లెక్కలో కలిపేశాం.
5. చీటీల మీద పెన్నుతో రాశాం. శనగ ఆకుల మీది నూగు నుంచి వచ్చే పుల్లటి స్రావంలో మాలిక్ ఆమ్లం ఉంటుంది. ఉదయపు మంచుతో కలిసి అది సిరాను కరిగించింది. 48 చీటీల్లో 7 చదవరాకుండా పోయాయి, మడి పటం చూసి తిరిగి రాయవలసి వచ్చింది.

ఇప్పటిదాకా లెక్క: మడులు 48, విడిగా కొలిచిన మొక్కలు 240, నమ్మదగిన దిగుబడి అంకెలు సున్న.

దశ 2: రెండవ సీజన్, మార్చినవి, ఎందుకు మార్చామన్నది

ఎంట్రీలను 24 నుంచి 20కి తగ్గించాం. రెండింటి మొలక 60 శాతం కూడా దాటలేదు. మూడవది గింజ తొక్క రంగు చూస్తేనే కలగాపులగమని తెలిసిపోతుంది. నాలుగవది మరీ ఆలస్యంగా పూతకు వచ్చేది. మిగిలినవి 14 దేశీ, 6 కాబూలీ. మేం చేతికి దొరికిన విత్తనంతో మొదలుపెట్టాం, మళ్ళీ మొదలుపెడితే అలా చేయను. ఇక్రిశాట్ (అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ) జన్యునిధిలోని శనగ సేకరణల వైవిధ్యానికి ప్రతినిధిగా 2001లో 211 నమూనాలతో మినీ కోర్ సంచయాన్ని రూపొందించారు. వైవిధ్యం కొలవాలనుకునేవారు అటువంటి ఎంపిక చేసిన సంచయం నుంచి కొన్ని తీసుకోవడం మేలు. సాగులో ఉన్న రకాలు చాలావరకు ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు, ఏ 20 తీసుకున్నా తేడా చాలా ఉంటుందనుకోవడానికి వీల్లేదు.

విత్తనానికి ముందు:

1. ప్రతి రకం నుంచి 100 గింజలను తడి గుడ్డలో చుట్టి 7 రోజులకు మొలకలు లెక్కించాం. 85 కంటే తక్కువ వస్తే తాజా విత్తనం తెచ్చుకున్నాం.
2. మడిని 4 మీటర్ల సాళ్ళు నాలుగింటికి పెంచాం. మడికి 160 కుదుళ్ళు, రకానికి మూడు మడుల చొప్పున 60 మడులకు 9,600 కుదుళ్ళు.
3. కుదురుకు రెండు గింజలు. మొత్తం 19,200 గింజలు, రకానికి 960. వంద గింజలు 20 గ్రాములు తూగే రకానికి ఇది 192 గ్రాములే, కాబట్టి విత్తనం తక్కువన్న మా పాత సాకు నిలవదు.
4. పది సెంటీమీటర్లకొక ముడి వేసిన తాడు పరచి, ముడి దగ్గరే గింజ వేశాం.
5. 15 రోజులకు కుదురుకు ఒక మొక్క ఉంచి రెండవది పీకేశాం. పెద్ద మొక్కను ఉంచాలన్న ఆశ పుడుతుంది, దానికి లొంగకుండా ఉత్తరం వైపున్న మొక్కనే ఉంచాం.
6. తేమ తేడాకు అడ్డంగా బ్లాకులు గీశాం. ప్రతి బ్లాకు ఒకే తేమ పట్టీలో ఉంటుంది.
7. ప్రతి పది మడులకు ఒక సూచిక సాలు చొప్పున ఆరు సాళ్ళు జె.జి. 62 రకం వేశాం. ఎండు తెగులుకు ఇది తొందరగా లొంగుతుంది, కాబట్టి నేలలో తెగులు ఎక్కడుందో ఇదే చెబుతుంది.

సూచిక సాళ్ళు ఆరింటిలో పక్కపక్కనున్న రెండు 30 రోజులకే వాడిపోయాయి. కాడలు వాలిపోయిన మొక్కను పీకి కాండాన్ని నిలువుగా చీలిస్తే మధ్యలో ముదురు గోధుమ రంగు చార కనబడింది, అది ఎండు తెగులే. ఆ రెండు సాళ్ళ నడుమనున్న మడులను పటంలో గుర్తించి, అక్కడ పోయిన ప్రతి మొక్కనూ తేదీతో సహా రాసుకున్నాం. మొదటి ఏడాది చేయనిది ఇదే.

కోతలో అంచు సాళ్ళు రెండూ వదిలేసి, మధ్య సాళ్ళు రెండింటిలోనూ రెండు చివర్ల రెండేసి మొక్కలు వదిలేశాం. నికరంగా 72 కుదుళ్ళు, 2.16 చదరపు మీటర్లు. విడిగా కొలవడానికి పది మొక్కలు తీసుకున్నాం, కాని చూసి కాదు. ముందు రోజు ఇంట్లో కూర్చుని యాదృచ్ఛిక సంఖ్యలతో కుదురు నంబర్లు రాసుకుని, ఆ నంబరున్న మొక్క ఎలా ఉన్నా పీకాం. రెండు కాయలతో గిడసబారిన మొక్కను తూచి రాసుకునేటప్పుడు మా సహాయకుడు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది.

తూకం నియమాలు కూడా మార్చాం. గింజలన్నీ తూచే రోజునే తేమ కొలిచి 10 శాతానికి సర్దాం. 14.2 శాతం తేమతో 300 గ్రాములున్న మడి, 300ను 85.8తో గుణించి 90తో భాగిస్తే 286 గ్రాములవుతుంది. వంద గింజల కోసం కుప్పను గుడ్డ మీద పరచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని కలిపి, మళ్ళీ నాలుగు చేసి, చివరకు మిగిలిన దానిలో నుంచి వరుసగా వంద లెక్కపెట్టాం. అలా మడికి మూడుసార్లు. కాబూలీ రకాల్లో ఒక లెక్కకు మరొక లెక్కకు 0.9 గ్రాముల దాకా తేడా కనబడింది, ఒక్కసారి తూచి ఊరుకుంటే అది రకాల తేడాగా చలామణి అయ్యేది. చీటీల మీద పెన్సిల్ వాడాం. ఒక్కటీ చెరగలేదు.

ఇప్పటిదాకా లెక్క: మడులు 108, విడిగా కొలిచిన మొక్కలు 840.

దశ 3: రెండవ సీజన్ అంకెలు

పూత. 50 శాతం మొక్కలు పూతకు రావడానికి పట్టిన రోజుల సగటు 46.5. జన్యు విస్తృతి 25.2, దోషం 2.8. అనువంశికత 90 శాతం, జన్యురూప వైవిధ్య గుణకం 10.8 శాతం. ఈ లక్షణంతో మాకు ఇబ్బంది రాలేదు. రోజూ ఉదయం ఒకే మనిషి వెళ్ళి లెక్కిస్తే చాలు.

వంద గింజల బరువు. సగటు 24.0 గ్రాములు, జన్యు విస్తృతి 50.0, దోషం 0.5, అనువంశికత 99 శాతం, జన్యు పురోగతి సగటులో 60 శాతం. ఇంత అందమైన అంకె కనబడితే అనుమానించాలి. 14 దేశీ రకాల సగటు 19.8 గ్రాములు, 6 కాబూలీ రకాల సగటు 33.8 గ్రాములు. రెండు వేర్వేరు గుంపులను ఒకే సంచిలో వేసి, సంచిలో వైవిధ్యం చాలా ఉందని ఆశ్చర్యపోవడం అన్నమాట. దేశీ రకాలను విడిగా లెక్కిస్తే జన్యు విస్తృతి 50 నుంచి 6.5కు పడిపోయింది, వైవిధ్య గుణకం 29.5 శాతం నుంచి 12.9 శాతానికి దిగింది. అనువంశికత మాత్రం 93 శాతం వద్ద నిలిచింది. దేశీ, కాబూలీ రకాలను కలిపి ఒకే పట్టికలో వైవిధ్యం చూపించేవారు గుంపులవారీ లెక్క కూడా ఇవ్వాలన్నది నా అభిప్రాయం. లేకపోతే చదివేవారికి ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

నిండు కాయలు. మొక్కకు మొత్తం కాయలు 24.6, నిండినవి 21.3. అంటే ఎనిమిదింట ఒకటి తాలు లేదా పురుగు తొలిచినది. నిండు కాయల జన్యు విస్తృతి 26, దోషం 18, అనువంశికత 59 శాతం, వైవిధ్య గుణకం 23.9 శాతం. కణుపుకు రెండు కాయలు కాసే లక్షణం మీద మొదట్లో ఆశ పెట్టుకున్నాం. అది ఒక అంతర్గత జన్యువు (తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడేది) వల్ల వస్తుంది, జె.జి. 62లోనూ ఉంది. కాని ఆ లక్షణమున్న మొక్కలో కూడా అన్ని కణుపులూ రెండేసి కాయవు. మా జంట కాయల ఎంట్రీలో పది మొక్కల కణుపులన్నీ లెక్కిస్తే మూడింట ఒకదానికి మించి జంటలు లేవు, ఆ జంటల్లో గింజ కూడా చిన్నది.

నికర మడి దిగుబడి. సగటు 402 గ్రాములు, హెక్టారుకు 1,861 కిలోలు. రకాల సగటు వర్గం 9,800, దోషపు సగటు వర్గం 3,500. జన్యు విస్తృతి 2,100. జన్యురూప వైవిధ్య గుణకం 11.4 శాతం, దృశ్యరూప వైవిధ్య గుణకం 18.6 శాతం, అనువంశికత 37.5 శాతం, జన్యు పురోగతి సగటులో 14.4 శాతం. మొదటి ఏడాది వచ్చిన 27.5 శాతంలో సగం కొలత తప్పులతో పాటే పోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలా పట్టికల్లో ఇది కనబడదు. 37.5 శాతం అన్నది ఒక్క మడిని ప్రమాణంగా తీసుకున్న అనువంశికత. మేం ఎంపిక చేసేది మూడు మడుల సగటును చూసి కాబట్టి, దోషాన్ని 3తో భాగించి లెక్కించాలి. 3,500ను 3తో భాగిస్తే 1,167. 2,100ను 3,267తో భాగిస్తే 64 శాతం. ఒకే అంకెల నుంచి ఒకరు 37 అంటారు, మరొకరు 64 అంటారు, ఇద్దరూ అనువంశికత అనే పిలుస్తారు. రెండు ప్రయోగాలను పోల్చే ముందు ఎవరు దేన్ని రాశారో చూసుకోవాలి.

పంట సూచిక (మొక్క మొత్తం బరువులో గింజల వాటా). దీన్ని మొదట తప్పుగానే తీశాం. శనగ పక్వానికి వచ్చేసరికి ఆకులు రాలుస్తుంది, కోత రోజున తూచిన మొక్క బరువులో ఆ ఆకులు ఉండవు. నాలుగు మడుల్లో పూత ముగిసినప్పటి నుంచి సాళ్ళ మధ్య దోమతెర గుడ్డ పరచి రాలిన ఆకులు పోగుచేశాం. ఆకులు లేకుండా పంట సూచిక 51 శాతం వచ్చింది, ఆకులు కలిపితే 43 శాతం. తేడా అన్ని రకాలకూ ఒకేలా ఉంటే బాధ లేదు, ఆలస్యంగా పండే రకాలు ఆకులను ఎక్కువ నిలుపుకుంటాయి కాబట్టి వాటికి అన్యాయం జరుగుతుంది. అన్ని మడుల్లో గుడ్డ పరచడం మా వల్ల కాలేదు. అందువల్ల పంట సూచికను ఎంపికలోంచి తీసేశాం.

సహసంబంధాలు. 20 రకాల సగటులతో లెక్కిస్తే సంబంధం కాకతాళీయం కాదనడానికి 5 శాతం స్థాయిలో గుణకం 0.444 దాటాలి. దిగుబడికి నిండు కాయలతో 0.58, మొక్క మొత్తం బరువుతో 0.71, వంద గింజల బరువుతో మైనస్ 0.09. కాయల సంఖ్యకు, వంద గింజల బరువుకు మధ్య మైనస్ 0.66. కాయలు పెంచితే గింజ చిన్నదవుతుంది, గింజ పెంచితే కాయలు తగ్గుతాయి. దీని మీద పథ విశ్లేషణ (ఏ లక్షణం దిగుబడిని ఎంత నడిపిస్తుందో విడదీసే లెక్క) కూడా చేశాం, పట్టికను మాత్రం ఇక్కడ ఇవ్వడం లేదు. కాయల సంఖ్యను కాయలోని గింజలతో, గింజ బరువుతో గుణిస్తే వచ్చేదే దిగుబడి. ఆ మూడింటినీ కారణాలుగా పెట్టి దిగుబడిని "వివరించడం" అంటే గుణకారాన్ని పొడవుగా రాయడమే, అందులో కొత్తగా తెలిసేదేమీ లేదు.

ఎంట్రీ 17 నికర మడికి 361 గ్రాములతో 20లో 15వ స్థానానికి దిగింది. ఎంట్రీ 4 498 గ్రాములతో రెండవ స్థానానికి ఎక్కింది.

దశ 4: మూడవ సీజన్, తిరిగి చూపు

ఒక్క సీజన్‌లో తీసిన జన్యు విస్తృతిలో ఆ సీజన్‌కు మాత్రమే చెందిన తేడా కూడా కలిసి ఉంటుంది. అందుకని 14 దేశీ రకాలను అదే పద్ధతిలో 42 మడుల్లో మళ్ళీ వేశాం. నేల ఆరక విత్తనం 18 రోజులు ఆలస్యమైంది. గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే శనగలో పూత రాలి కాయ కట్టడం తగ్గుతుంది, ఆలస్యపు రకాలకు ఈసారి అదే జరిగింది.

రెండు సీజన్ల మధ్య వరుస క్రమం ఎంత నిలిచిందో చూస్తే వంద గింజల బరువుకు 0.94, పూత రోజులకు 0.87, దిగుబడికి 0.43. పద్నాలుగు రకాలతో 0.43 అంటే గణాంకపరంగా గట్టి ఆధారం కాదు. ఎంట్రీ 4 రెండుసార్లూ మొదటి మూడింటిలో ఉంది, దానిని ఉంచుకున్నాం.

ఇప్పటిదాకా లెక్క: మడులు 150, విడిగా కొలిచిన మొక్కలు 1,260.

దశ 5: సంకరణం, 392 మొగ్గలు

మొదటి విడత సంకరాలను రెండవ సీజన్‌లోనే చేశాం. అప్పటికి చేతిలో ఉన్నవి మొదటి సీజన్ అంకెలే. తెల్ల పూల కాబూలీ ఎంట్రీ 8ను ఆడ మొక్కగా, గులాబీ పూల ఎంట్రీ 17ను మగ మొక్కగా పెట్టుకున్నాం. ఎంట్రీ 17 ఎందుకని అడిగితే సమాధానం పై దశల్లో ఉంది. దాని మొక్కల పక్కన ఖాళీలున్నాయి కాబట్టి.

తెల్ల పూలను ఆడ మొక్కగా పెట్టుకోవడం మాత్రం సరైన నిర్ణయం. గులాబీ రంగు బహిర్గతం, తెలుపు అంతర్గతం. మొదటి తరంలో గులాబీ పూసినది నిజమైన సంకరం, తెల్లగా పూసినది తన పుప్పొడితోనే తాను ఫలించినది. జన్యు గుర్తుల పరీక్ష లేకుండానే తేలిపోతుంది.

చేసిన పద్ధతి:

1. సాయంత్రం, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచుకుని రక్షక పత్రాన్ని పక్కకు నెట్టాలి.
2. సన్నని పట్టకారుతో ద్రోణిని (కేసరాలను కప్పి ఉంచే పూరేకులను) చీల్చి పది కేసరాలనూ తీసేయాలి. తొమ్మిది కలిసి ఉంటాయి, పదవది విడిగా ఉంటుంది, మరిచిపోయేది ఆ పదవదే.
3. భూతద్దంతో కీలాగ్రం మీద పసుపు పొడి ఉందేమో చూడాలి. ఉంటే ఆ మొగ్గను గిల్లేయాలి.
4. మరునాడు ఉదయం మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడిని కీలాగ్రానికి అద్దాలి.
5. కణుపుకు దారం కట్టి చీటీ తగిలించాలి. ఆ కొమ్మ మీద మిగిలిన మొగ్గలను తుంచేయాలి.

మొదటి విడతలో 212 మొగ్గలకు 31 కాయలు, 36 గింజలు. అంటే 14.6 శాతం కాయ కట్టింది, మాకు సంతోషమేసింది. మూడవ సీజన్‌లో ఆ గింజలు వేస్తే 33 మొలిచాయి. పూత వచ్చేసరికి 26 గులాబీ, 7 తెలుపు. అయిదింట ఒకటి దొంగ సంకరం.

కారణం మొగ్గ వయసు. శనగ పువ్వు విచ్చుకోకముందే పరాగకోశాలు పగులుతాయి. మేం తీసుకున్న మొగ్గల్లో ఆకర్షణ పత్రాలు రక్షక పత్రాలను దాటి బయటికి కనబడుతున్నాయి, అప్పటికే ఆలస్యమైనట్టు. వేలి గోటి మీద ఒక మొగ్గ విప్పి చూస్తే పరాగకోశాలు తేనె రంగుకు తిరిగి, తాకగానే పొడి రాలింది. దానికంటే ఒక రోజు చిన్న మొగ్గలో అవి పసుపుపచ్చగా, గట్టిగా, మూసుకునే ఉన్నాయి.

ఆ మూడవ సీజన్ పూతలోనే రెండవ విడత చేశాం. మగ మొక్కను ఎంట్రీ 4కు మార్చాం, ఆకర్షణ పత్రాలు ఇంకా రక్షక పత్రాల లోపలే ఉన్న మొగ్గలను మాత్రమే ముట్టుకున్నాం. చిన్న మొగ్గల్లో కీలం తెగిపోవడం ఎక్కువ. 180 మొగ్గలకు 19 కాయలే, 10.6 శాతం. 22 గింజల్లో 21 మొలిచాయి, 20 గులాబీ, 1 తెలుపు.

ఇప్పటిదాకా లెక్క: మొగ్గలు 392, కాయలు 50, గింజలు 58, మొలిచినవి 54, నిజమైన సంకరాలు 46. నూరు మొగ్గలకు నిజమైన సంకరాలు మొదటి విడతలో 12, రెండవ విడతలో 11. శ్రమకు దక్కినది దాదాపు సమానమే, కాని రెండు తల్లిదండ్రులూ ఒకే రంగు పూలు పూసే సంకరంలో దొంగలను పట్టడం కష్టం, అక్కడ చిన్న మొగ్గలే వాడాలి.

దశ 6: రెండవ తరం, మూడవ తరం

నాలుగవ సీజన్‌లో ఎంట్రీ 8, ఎంట్రీ 17 సంకరం రెండవ తరం 412 మొక్కలు కోతకు నిలిచాయి. 301 గులాబీ, 111 తెలుపు. మూడుకు ఒకటి నిష్పత్తిలో అయితే 309, 103 ఉండాలి. కై వర్గ విలువ (ఆశించిన సంఖ్యల నుంచి తేడాను కొలిచే అంకె) 0.83, హద్దు 3.84 కాబట్టి నిష్పత్తి సరిపోయింది. చీటీలు తారుమారు కాలేదని ఇది ఒక సాక్ష్యం.

దిగుబడి మీద ఈ సంకరంతో మాకు ఆశ లేదు. అయినా ఒక ప్రశ్నకు ఇది పనికొచ్చింది: రెండవ తరంలో ఒంటరి మొక్కను చూసి ఎంచుకుంటే మూడవ తరానికి ఎంత దిగుతుంది? 412లో నుంచి యాదృచ్ఛికంగా 40 మొక్కలు తీసి, అయిదవ సీజన్‌లో ఒక్కొక్కదాని సంతతిని 2 మీటర్ల సాళ్ళలో, రెండేసి రెప్లికేషన్లలో, మొత్తం 80 సాళ్ళలో వేశాం.

సంతతి సగటును తల్లి మొక్క కొలతతో పోల్చిన ప్రతిగమన గుణకం (తల్లి మొక్క ఆధిక్యంలో సంతతికి దిగిన వాటా) వంద గింజల బరువుకు 0.68, పూత రోజులకు 0.55, దిగుబడికి 0.11. రెండవ తరంలో ఆ 40 మొక్కల సగటు దిగుబడి 6.8 గ్రాములు, పైన నిలిచిన పదింటి సగటు 12.9 గ్రాములు. ఆ పదింటి సంతతి సగటు 6.3 గ్రాములు, మొత్తం 40 సంతతుల సగటు 5.7. అంటే ఆరు గ్రాముల ఆధిక్యంలో కిందికి దిగినది అర గ్రాము పైచిలుకు. 40లోకెల్లా గొప్ప మొక్క 21.4 గ్రాములు కాసింది. మడి పటం తీసి చూస్తే దానికి రెండు వైపులా మొక్కలు లేవు. దాని సంతతి 5.2 గ్రాములు.

గింజ బరువు ఇంత నమ్మకంగా దిగడంలో వింత లేదు. ఐసీసీ 4958 అనే శనగ రకంలో నాలుగవ అనుబంధ సమూహం (ఒకే వరుసలో ఉండే జన్యువుల గుంపు) మీద గుర్తించిన ఒక ప్రాంతంలో వేరు లక్షణాలతో పాటు వంద గింజల బరువును ప్రభావితం చేసే స్థానాలు కూడా గుంపుగా ఉన్నాయి, జన్యు గుర్తుల సాయంతో ఆ ప్రాంతాన్ని జె.జి. 11 వంటి రకాల్లోకి ఎక్కించారు కూడా. దిగుబడికి అటువంటి ఒక్క పెద్ద మెట్టు మాకు ఎక్కడా కనబడలేదు.

ఇప్పటిదాకా లెక్క: మడులు, సాళ్ళు కలిపి 230, విడిగా కొలిచిన మొక్కలు 1,672.

దశ 7: ఇప్పుడు పొలంలో ఉన్నది

ఎంట్రీ 8, ఎంట్రీ 4 సంకరం రెండవ తరం ఇదే అయిదవ సీజన్‌లో 600 కుదుళ్ళలో వేశాం. నియమాలు మారాయి.

1. ఈ తరంలో దిగుబడి చూసి ఏ మొక్కనూ ఎంచుకోం, దిగుబడి చూసి ఏ మొక్కనూ పారేయం.
2. వంద గింజల బరువు 20 గ్రాములకు తగ్గిన మొక్కలను మాత్రం తీసేస్తాం.
3. మిగిలిన ప్రతి మొక్క నుంచి ఒక్కొక్క గింజ చొప్పున తీసుకుని తరువాతి తరానికి పంపుతాం. నిలకడ వచ్చిన అయిదవ తరంలో గాని మడి దిగుబడి తూచం.
4. అప్పుడు కనీసం మూడు రెప్లికేషన్లు, రెండు సీజన్లు.

విత్తిన 40వ రోజున 571 మొక్కలు నిలిచి ఉన్నాయి. పోయిన 29 కుదుళ్ళను పటంలో గుర్తించి, ఖాళీల పక్కనున్న 54 మొక్కలకు ఎర్ర దారం కట్టాం.